ఇల్లు జూబ్లీహిల్స్‌లో, ఓటు ఖైరతాబాద్‌లో: మళ్లీ మళ్లీ వినే అపోహలు - వాస్తవాలు

ఎన్నికల విభాగంలో పనిచేసి రిటైరైన మనిషికి ఎన్నికల సీజన్‌లో సెలవు ఉండదు. బంధువులు, పాత కాలనీవాళ్లు, వాళ్లు నంబరు ఇచ్చిన ఇంకొకరు ఫోను చేస్తూనే ఉంటారు. 2025 నవంబరులో జూబ్లీహిల్స్ ఉప ఎన్నిక జరిగినప్పుడైతే ఒకటే మాట: "సార్, మా ఓటు తీసేశారు." కనుక్కుంటే చాలామంది ఓటు ఉన్నచోటే భద్రంగా ఉంది. వెతికిన జాబితానే వేరు.

అపోహ: మా ఇల్లు జూబ్లీహిల్స్‌లో ఉంది కాబట్టి మా ఓటు జూబ్లీహిల్స్ నియోజకవర్గంలోనే.

వాస్తవం: జూబ్లీహిల్స్ అనే పేరున్న డివిజన్ (నగరపాలక సంస్థ వార్డు), దాని పక్కనున్న బంజారాహిల్స్ డివిజన్ ఖైరతాబాద్ నియోజకవర్గంలోకి వస్తాయి. జూబ్లీహిల్స్ నియోజకవర్గం అంటే షేక్‌పేట, యూసుఫ్‌గూడ, బోరబండ, రహ్మత్‌నగర్, ఎర్రగడ్డ, వెంగళరావునగర్, సోమాజిగూడలో కొంత. టీవీల్లో "సంపన్నుల నియోజకవర్గం" అని చెబుతూ వెనక బంగళాల దృశ్యాలు వేస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ బంగళాల్లో చాలావాటికి ఈ ఉప ఎన్నికతో సంబంధమే లేదు. సినిమా సంగతే తీసుకుంటే, ఈ నియోజకవర్గం మాట వస్తే ముందు చెప్పుకోవలసింది తారల గురించి కాదు, కృష్ణానగర్ చుట్టుపక్కల అద్దె గదుల్లో ఉండే కార్మికుల గురించి.

ఈ తిరకాసు 2008లో మొదలైంది. 2001 జనాభా లెక్కల ఆధారంగా జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షతన ఏర్పడ్డ డీలిమిటేషన్ కమిషన్ నియోజకవర్గాల సరిహద్దులు తిరగరాసింది. అప్పటిదాకా నగరం పడమటి వైపు విస్తరించిన భారీ ఖైరతాబాద్‌ను ముక్కలు చేశారు. అందులోంచి కొత్తగా వచ్చినదే జూబ్లీహిల్స్. హిమాయత్‌నగర్, ఆసిఫ్‌నగర్ నియోజకవర్గాలు పూర్తిగా కనుమరుగయ్యాయి. 2004లో హిమాయత్‌నగర్ నుంచి గెలిచిన కిషన్ రెడ్డి 2009లో అంబర్‌పేటకు వెళ్లింది అందుకే. నాయకులకు వెంటనే అర్థమైంది. ఓటర్లకు ఇప్పటికీ అర్థం కాలేదు, ఎవరూ విడమరిచి చెప్పలేదు కూడా.

దీనివల్ల అసలు నష్టం ఎక్కడ జరుగుతుందో వినండి. పేరు కనిపించలేదని కంగారుపడి ఎవరో చెప్పిన మాట మీద మళ్లీ ఫారం 6 నింపుతారు. ఫారం 6 కొత్త ఓటరుకు మాత్రమే. ఇప్పటికే ఎక్కడో పేరుండగా దాన్ని నింపడమంటే, నాకు ఎక్కడా ఓటు లేదని సంతకం పెట్టి చెప్పడం. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 17, 18 సెక్షన్ల ప్రకారం ఒక మనిషి పేరు ఒకచోటే, ఒక్కసారే ఉండాలి. 31వ సెక్షన్ కింద తప్పుడు ప్రకటనకు ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. జైలుకు వెళ్లినవాళ్లను నేను చూడలేదు. చూసింది వేరే: రెండు పేర్లు చేరాక ఒకే ఫోటో, ఒకే తండ్రి పేరు ఉన్నాయని కంప్యూటర్ పట్టేస్తుంది. బీఎల్‌ఓ (బూత్ స్థాయి అధికారి) విచారణకు వస్తే ఇంటికి తాళం ఉంటుంది. నోటీసుకు జవాబు వెళ్లదు. చివరికి ఒక పేరు పోతుంది. పోయేది ఏ పేరో మన చేతుల్లో ఉండదు. నిజంగా ఉంటున్న చిరునామాలోని పేరు పోయి, ఎప్పుడో ఖాళీ చేసిన ఇంటి పేరు మిగిలిన కేసులు ఎన్నో చూశాను. ఓటు తీసేశారని వాపోయేవాళ్లలో కొందరు తమ ఓటును తామే ఇలా తీయించుకున్నారు.

కాబట్టి ముందు వెతకాల్సింది కాలనీ పేరుతో కాదు, ఓటరు కార్డు నంబరుతో. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో అది కొడితే నియోజకవర్గం, భాగం సంఖ్య, క్రమసంఖ్య, పోలింగ్ కేంద్రం అన్నీ వస్తాయి. నియోజకవర్గం సంఖ్య ఖైరతాబాద్‌కు 60, జూబ్లీహిల్స్‌కు 61. ఇల్లు మారితే ఫారం 8, అది వేరే నియోజకవర్గానికి మారినా సరే. ఇంకో ముఖ్యమైన మాట: నామినేషన్ల చివరి తేదీ దాటాక ఆ ఎన్నిక జాబితాలో పేరు చేర్చడానికి, తీయడానికి, మార్చడానికి చట్టం ఒప్పుకోదు. పోలింగ్ రోజు ఉదయం నాకు ఫోను చేసి లాభం లేదు. కలెక్టరుకు చేసినా అంతే.

అపోహ: కార్డు మీద పాత నియోజకవర్గం పేరుంటే ఓటు చెల్లదు.

వాస్తవం: చెల్లుతుంది. జాబితాలో పేరుండాలి, అంతే. కార్డు మనిషిని గుర్తుపట్టడానికే.

యూసుఫ్‌గూడలో ఒక పెద్దావిడ ఉన్నారు. ఆవిడ కార్డు 2008కి ముందుది, అందులో ఖైరతాబాద్ అనే ఉంది. లామినేషన్ అంచులు విడిపోయి, ఫోటోలో ముఖం సగం తెల్లబడింది. గుడి దగ్గర ఎవరో కుర్రాళ్లు "ఇది పనికిరాదమ్మా, నీ ఓటు రద్దయింది" అన్నారట. అసలే వితంతు పింఛను తీసుకునే మనిషి. ఓటు పోతే పింఛను కూడా పోతుందేమోనని రెండు రోజులు అన్నం సహించలేదు. ఓటుకూ పింఛనుకూ సంబంధం లేదు. నంబరు కొట్టి చూస్తే ఆవిడ పేరు 61లో, ఇంటికి దగ్గరలోని బడిలో కనిపించింది. "నేనెప్పుడూ వేసే బడేనయ్యా" అన్నారు. పోలింగ్ కేంద్రం మారలేదు, దాని మీద ఉన్న నియోజకవర్గం పేరే మారింది. ఆ కుర్రాళ్లు దొరికితే మాత్రం రెండు మాటలు అందామనుకున్నాను.

అపోహ: ఇది ఫలానా పార్టీ కంచుకోట.

వాస్తవం: ఎన్నికల చరిత్ర రాసేవాళ్లే ఎక్కువగా చేసే పొరపాటు ఇది. కాంగ్రెస్ నాయకుడు పి. జనార్దన్ రెడ్డి (పీజేఆర్) ఖైరతాబాద్ నుంచి 1978, 1985, 1989, 1994, 2004లలో గెలిచారు. నిజమే, గొప్ప రికార్డే. కానీ మధ్యలో 1999లో సీబీఐ మాజీ డైరెక్టర్ విజయరామారావు తెలుగుదేశం తరఫున ఆయన్ను ఓడించారు. పీజేఆర్ మరణానంతరం 2008లో జరిగిన ఉప ఎన్నికలో ఆయన కుమారుడు విష్ణువర్ధన్ రెడ్డి గెలిచింది పాత సరిహద్దుల్లో. 2009లో అదే విష్ణు గెలిచింది కొత్త జూబ్లీహిల్స్‌లో. ఆ రెండు మెజారిటీలను పక్కపక్కన పెట్టి "పట్టు తగ్గింది" అని రాస్తే ఏం చెప్పాలి? ఊరే మారిపోయింది కదా.

2009 తర్వాత చూసినా అంతే. ఖైరతాబాద్‌లో 2009లో కాంగ్రెస్, 2014లో బీజేపీ, తర్వాత రెండుసార్లు టీఆర్‌ఎస్/బీఆర్‌ఎస్. వీటిలో మొదటి గెలుపు, చివరి రెండు గెలుపులు ఒక్క దానం నాగేందర్‌వే. జూబ్లీహిల్స్‌లో మాగంటి గోపీనాథ్ 2014లో తెలుగుదేశం, 2018లో టీఆర్‌ఎస్, 2023లో బీఆర్‌ఎస్. 2014లో మజ్లిస్ తరఫున రెండో స్థానంలో నిలిచిన నవీన్ యాదవ్ 2025లో కాంగ్రెస్ అభ్యర్థిగా 24,729 ఓట్ల తేడాతో గెలిచారు. పార్టీల గోడలకన్నా మనుషుల పరిచయాలే ఇక్కడ ఎక్కువ పనిచేస్తాయని నా అభిప్రాయం. కాదనేవాళ్లు ఉంటారు.

అపోహ: హైదరాబాదీలు బద్ధకస్తులు, సగం మంది ఓటే వేయరు.

వాస్తవం: కొంత నిజం, కొంత లెక్కల మాయ. ఉప ఎన్నికలో 48 శాతం చిల్లర పోలైంది. కానీ శాతం కట్టేది జాబితాలోని పేర్ల మీద, బతికి ఇక్కడే ఉన్న మనుషుల మీద కాదు. చనిపోయినవాళ్లు, ఇల్లు మారినవాళ్లు, పైన చెప్పిన డబుల్ పేర్లు అన్నీ అందులో ఉంటాయి. అద్దె ఇళ్లు ఎక్కువున్న బస్తీల్లో ఇది ఇంకా ఎక్కువ. బద్ధకం లేదని అనను, సెలవని ఊళ్లకు వెళ్లేవాళ్లు మా ఇంట్లోనూ ఉన్నారు.

మిగతావి గబగబా. అసెంబ్లీ ఎన్నికలో నోటాకు (పైవారెవరూ కాదు అనే మీట) అందరికన్నా ఎక్కువ ఓట్లు వచ్చినా ఎన్నిక రద్దు కాదు, అభ్యర్థుల్లో ఎక్కువ వచ్చినవారే గెలుస్తారు. అభ్యర్థులు ఎక్కువైతే ఈవీఎం పనికిరాదన్నది కూడా పుకారే. 2025 ఉప ఎన్నికలో 58 మంది నిలబడితే నోటాతో కలిపి నాలుగు బ్యాలెట్ యూనిట్లు వరసగా పెట్టారు, తమ గుర్తు ఎక్కడుందో వెతుక్కోవడానికి ముసలివాళ్లు ఇబ్బంది పడ్డారంతే. డిపాజిట్ దక్కాలంటే చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటాలి, ఆ లెక్కలో నోటా కలవదు. ఆ 58 మందిలో గెలిచినవారికి, రెండో స్థానంలో నిలిచినవారికి తప్ప ఎవరికీ దక్కలేదు.