మూడో అసిస్టెంట్ జీతం: అమెరికా కాలేజీ బేస్‌బాల్‌లో హిట్టింగ్ కోచ్ కొలువు వెనుక కథ

2023 జులై 1 దాకా అమెరికా కాలేజీ బేస్‌బాల్‌లో ఒక అన్యాయం నియమావళి పేరుతోనే సాగింది. కాలేజీ ఆటలను నడిపే సంఘం ఎన్‌సీఏఏ. దాని పై శ్రేణి డివిజన్ 1 జట్టులో జీతం తీసుకోగలిగిన కోచ్‌లు ముగ్గురే: హెడ్ కోచ్, ఆయన కింద ఇద్దరు అసిస్టెంట్లు. మూడో అసిస్టెంట్‌ను పెట్టుకోవచ్చు గానీ, అతను వాలంటీరుగానే ఉండాలి. కాలేజీ ఇద్దామనుకున్నా జీతం ఇవ్వకూడదు. ఉన్న రెండు జీతాల్లో ఒకటి దాదాపు ప్రతిచోటా పిచింగ్ (బంతి విసిరేవాళ్ల) కోచ్‌కు పోయేది. రెండోది హిట్టింగ్‌తో (బ్యాటింగ్) పాటు రిక్రూటింగ్ (కొత్త ఆటగాళ్లను వెతికి తేవడం) కూడా నెత్తిన పెట్టుకున్న మనిషికి దక్కేది. అతను వేసవంతా హైస్కూల్ టోర్నమెంట్ల వెంట ఊళ్లు తిరగాలి. అందుకని చాలా జట్లలో పొద్దున్నే బ్యాటింగ్ కేజ్ (వల కట్టిన ప్రాక్టీసు చోటు) తాళం తీసి, ఒక్కో కుర్రాడికీ బంతులు విసిరి, స్వింగ్ దిద్దే పని వాలంటీర్ మీద పడేది. కొన్ని జట్లలో హిట్టింగ్ కోచ్ అన్న పేరు కూడా అతనిదే.

అతను బతికేది ఎలా? కాలేజీ మైదానంలో స్కూలు పిల్లలకు పెట్టే క్యాంపుల డబ్బు, సాయంత్రాలు చెప్పే ప్రైవేటు పాఠాలు, సెలవుల్లో ఏదో ఒక వేరే ఉద్యోగం. కాలేజీ తరఫున ఆరోగ్య బీమా లేదు. బయటికెళ్లి ఆటగాళ్లను చూసి రిక్రూట్ చేసే అధికారం కూడా నియమాల ప్రకారం లేదు. పై మెట్టు ఉద్యోగానికి అడిగే మొదటి అర్హతేమో రిక్రూటింగ్ అనుభవమే. వాలంటీరుగా ఉన్నన్నాళ్లూ ఆ అనుభవం వచ్చే దారి లేదు. ఇంట్లో ఎవరో ఒకరు ఆదుకుంటే తప్ప ఇలా మూడు నాలుగేళ్లు నెట్టుకురావడం కష్టం. ప్రతిభ ఉండీ ఈ దశలోనే వెనుదిరిగినవాళ్లను ఈ ఆట పోగొట్టుకుంది.

దీని మూలాలు పాతవి. కాలేజీ బేస్‌బాల్ ఎన్నడూ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్‌లా డబ్బు తెచ్చే ఆట కాదు. సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి జాతీయ టైటిళ్ల వరస తెచ్చిన రాడ్ డెడో ట్రక్కుల వ్యాపారం మీద బతికేవాడు. కోచ్‌గా ఆయన తీసుకున్నది ఏడాదికి నామమాత్రంగా ఒక్క డాలర్. 1991 జనవరిలో జరిగిన ఎన్‌సీఏఏ మహాసభ ఖర్చు తగ్గింపు పేరుతో రెండు కోతలు పెట్టింది. మొదటిది స్కాలర్‌షిప్‌లలో పది శాతం. బేస్‌బాల్‌కున్న 13 పూర్తి స్కాలర్‌షిప్‌లు 11.7కి దిగాయి. ఆ వింత దశాంశం పుట్టుక అదే. మూడు దశాబ్దాల పాటు కోచ్‌లు ఆ 11.7ను ముక్కలు చేసి ఆటగాళ్లకు పంచారు. రెండోది, అట్టడుగు కోచ్ జీతానికి పెట్టిన పరిమితి: విద్యా సంవత్సరానికి 12,000 డాలర్లు, వేసవికి 4,000, మొత్తం 16,000. దాన్ని కోచ్‌లు కోర్టుకు లాగారు. పోటీ కాలేజీలన్నీ కలిసి జీతాన్ని కట్టేయడం పోటీని కాపాడే యాంటీట్రస్ట్ చట్టానికి విరుద్ధమని 1998లో పదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు చెప్పింది. మరుసటి ఏడాది 5.45 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది.

తక్కువ జీతం అక్రమమైంది. అసలు జీతమే లేని వాలంటీర్ కుర్చీ మాత్రం అలాగే మిగిలింది. 2019 ఏప్రిల్‌లో బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్‌లకు జీతంతో మూడో అసిస్టెంట్‌ను ఇవ్వాలన్న ప్రతిపాదన డివిజన్ 1 కౌన్సిల్ ఓటింగ్‌లో ఓడిపోయింది. 2022 నవంబర్‌లో ఇద్దరు మాజీ వాలంటీర్ కోచ్‌లు వేసిన దావా కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టుకు చేరింది. వాదన 1990ల నాటిదే: జీతం సున్నా అని పోటీదారులంతా కలిసి నిర్ణయించడం కూడా ధర కట్టడమే. రెండు నెలలకే, 2023 జనవరిలో, వాలంటీర్ హోదాను తీసేయాలని కౌన్సిల్ తీర్మానించింది. ఆ దావా చివరికి దాదాపు 4.9 కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది. ఆటలోని పెద్దలు ఏళ్ల తరబడి బతిమాలినా కదలనిది కోర్టు కాగితం చేతికందగానే కదిలింది. ఈ వరుస గుర్తుంచుకోదగ్గది.

జీతం కథ ఇలా నడుస్తుండగా, అసలు పని స్వరూపాన్ని మార్చింది బ్యాట్. క్రికెట్ ఎరిగిన పాఠకులకు ముందు ఒక తేడా చెప్పాలి. ఇక్కడ బంతి నేలను తాకకుండా వస్తుంది. బ్యాటూ గుండ్రమే, బంతీ గుండ్రమే. బ్యాట్ పావు అంగుళం కిందకో పైకో తగిలితే లైన్ డ్రైవ్ (నేరుగా దూసుకెళ్లే దెబ్బ) కావలసింది పాప్-అప్ (నిలువుగా గాల్లోకి లేచే దెబ్బ) అవుతుంది, లేదా నేలబారు బంతి అవుతుంది. 1974లో ఎన్‌సీఏఏ అల్యూమినియం బ్యాట్‌ను అనుమతించింది. విరిగే కర్ర బ్యాట్ల ఖర్చు తప్పించుకోవడమే దాని ఉద్దేశం. బోలుగా ఉండే లోహపు గోడ దెబ్బకు కొంచెం లోపలికి వంగి, మళ్లీ బయటికి తన్నుతుంది. దాంతో బంతి తక్కువగా నలుగుతుంది, శక్తి తక్కువ వృథా అవుతుంది. పైగా బరువు చేతుల వైపు ఉండేలా తయారు చేయొచ్చు కాబట్టి స్వింగ్ వేగం పెరుగుతుంది. కర్ర బ్యాట్‌తో ఒంటికి దగ్గరగా వచ్చిన బంతిని పిడి దగ్గర ఆడితే బ్యాట్ విరిగి బంతి చచ్చిపోతుంది. లోహపు బ్యాట్‌తో అదే దెబ్బ ఇన్‌ఫీల్డ్ (లోపలి మైదానం) దాటి సింగిల్ (ఒక బేస్ చేర్చే దెబ్బ) అవుతుంది. చేతులు ఒంటికి దూరంగా చాచి ఆడే తప్పును బ్యాటే కప్పిపుచ్చుతుంటే, కోచ్ దాన్ని దిద్దవలసిన అవసరం కనపడేది కాదు. కర్ర బ్యాట్ వాడే కేప్ కాడ్ వేసవి లీగ్‌కు వెళ్లినప్పుడు గానీ ఆ తప్పు బయటపడేది కాదు.

1990ల చివరికి స్కోర్లు అదుపు తప్పాయి. 1997లో లూయిసియానా స్టేట్ విశ్వవిద్యాలయం (ఎల్‌ఎస్‌యూ) 188 హోమ్ రన్‌లు (కంచె దాటే దెబ్బలు) కొట్టింది. ఆ రికార్డు ఇప్పటికీ నిలిచే ఉంది. 1998లో జాతీయ టైటిల్ పోటీ అయిన కాలేజ్ వరల్డ్ సిరీస్ ఫైనల్లో సదరన్ కాలిఫోర్నియా 21–14తో అరిజోనా స్టేట్‌ను ఓడించింది. వెంటనే నియమాలు బిగిశాయి: బ్యారెల్ (బంతిని తాకే లావు భాగం) వ్యాసం 2.75 నుంచి 2.625 అంగుళాలకు తగ్గింది. అంగుళాల్లో పొడవుకూ ఔన్సుల్లో బరువుకూ తేడా 3 మించకూడదన్నారు, అంటే 33 అంగుళాల బ్యాట్ కనీసం 30 ఔన్సులు తూగాలి. బంతి బయటికెళ్లే వేగానికి ఒక నిష్పత్తితో హద్దు పెట్టారు. ఈ కొలతను కాంపోజిట్ (నార పొరలతో చేసిన) బ్యాట్లు బోల్తా కొట్టించాయి. కొత్తగా ఉన్నప్పుడు ల్యాబ్ పరీక్ష నెగ్గిన బ్యాట్, వందల దెబ్బలు తిన్నాక లోపలి పొరలు వదులై మరింత చురుగ్గా తయారయ్యేది. 2009లో వాటిని ఆపేశారు. 2011 నుంచి బీబీకోర్ అనే ప్రమాణం వచ్చింది. బ్యాట్, బంతి ఢీకొన్నప్పుడు తిరిగొచ్చే వేగపు గుణకం 0.50 మించరాదు. అది కర్రకు దగ్గరి విలువ.

ఫలితం ఒక్క సీజన్‌లోనే తెలిసింది. జట్టుకు ఆటకు సగటు హోమ్ రన్‌లు 2010లో 0.94 ఉండగా 2011లో 0.52 అయ్యాయి. పరుగులు 6.98 నుంచి 5.58కి, బ్యాటింగ్ సగటు .305 నుంచి .282కి పడ్డాయి. 2014కల్లా హోమ్ రన్‌లు 0.39కి దిగాయి. ఆ ఏడాది ఒమాహాలో కాలేజ్ వరల్డ్ సిరీస్ మొత్తానికి మూడే హోమ్ రన్‌లు. హిట్టింగ్ కోచ్ ప్రాక్టీసులో బంట్ (బ్యాట్ అడ్డం పెట్టి బంతిని మెల్లగా పడేయడం), హిట్ అండ్ రన్ (బంతి విసరగానే రన్నర్ పరుగెత్తడం), మూడోదానికి ఔటయ్యే రెండు స్ట్రైక్‌ల తర్వాత బ్యాట్‌ను పొట్టిగా పట్టుకోవడం వంటి పాత పాఠాలు మళ్లీ పెద్దపీట వేసుకున్నాయి.

అయితే లోపం ఒక్క బ్యాట్‌లోనే లేదు. అప్పటి కాలేజీ బంతి కుట్టు ఎత్తు 0.048 అంగుళం. ఎత్తైన కుట్టు గాలిని ఎక్కువగా చీలుస్తుంది, బంతి త్వరగా వేగం కోల్పోతుంది. వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయపు ల్యాబ్‌లో గంటకు 95 మైళ్ల వేగం, 25 డిగ్రీల కోణం, నిమిషానికి 1,400 భ్రమణాలతో వదిలిన ఆ బంతి సగటున 367 అడుగులు వెళ్లింది. కుట్టు 0.031 అంగుళం ఉన్న బంతి 387 అడుగులు వెళ్లింది. ఆ ఇరవై అడుగులే కంచె ముందు క్యాచ్‌కూ కంచె దాటడానికీ మధ్య దూరం. 2015లో చదును కుట్టు బంతి రాగానే సగటు హోమ్ రన్‌లు 0.56కి లేచాయి. 2023 నాటికి ఒకటి దాటాయి. నాలుగేళ్లు బంట్ నేర్పిన కోచ్ తన పాఠమంతా మళ్లీ తిరగరాసుకోవలసి వచ్చింది. అలా రాసుకోలేకపోయినవాళ్లు వెనకబడ్డారు.

2015లోనే ప్రొఫెషనల్ మేజర్ లీగ్‌లో బంతి వేగాన్నీ కోణాన్నీ కొలిచే స్టాట్‌కాస్ట్ మొదలైంది. తర్వాత అలాంటి కొలత పరికరాలైన ట్రాక్‌మ్యాన్, రాప్సోడో, హిట్‌ట్రాక్స్, బ్యాట్ పిడికి తగిలించే బ్లాస్ట్ సెన్సర్ కాలేజీ కేజ్‌లలోకి వచ్చాయి. బంతి పైకి లేచే కోణం 10 డిగ్రీల లోపు ఉంటే గ్రౌండ్ బాల్, 10 నుంచి 25 దాకా లైన్ డ్రైవ్, 25 నుంచి 50 దాకా ఫ్లై బాల్. ఈ అంకెలు చేతికి రాగానే చాలామంది చేసిన పొరపాటు అందరికీ ఒకే కోణం నూరిపోయడం. బంతిని 100 మైళ్ల వేగంతో కొట్టగల కుర్రాడికి 27 డిగ్రీలు వరం. 85 మైళ్లు దాటని కుర్రాడికి అదే కోణం సెంటర్ ఫీల్డర్ చేతిలో సులువైన క్యాచ్. అతనికి కావలసింది 10 నుంచి 15 డిగ్రీల బంతి. ముందు వేగం కొలవాలి, తర్వాత కోణం నిర్ణయించాలి.

కేజ్ లెక్క ఇంకా సున్నితమైనది. పిచర్ కాలు ఆనించే రబ్బర్ పలక నుంచి బ్యాటర్ దగ్గరి ప్లేట్ దాకా 60 అడుగుల 6 అంగుళాలు. కాలు చాచి వదిలేసరికి బంతి ప్రయాణించేది సుమారు 55 అడుగులు. గాలి నిరోధం పక్కనపెడితే 90 మైళ్ల బంతికి పట్టేది 0.42 సెకను. స్వింగ్‌కే 0.15 సెకను పోతుంది. మిగిలినదాంట్లో బంతిని చూసి, ఏ రకమో గుర్తించి, ఆడాలో వదలాలో తేల్చుకోవాలి. పిచింగ్ మెషిన్‌ను 40 అడుగులకు జరిపి 65 మైళ్ల వేగం పెడితే అదే 0.42 సెకను వస్తుంది. ఇరవై అడుగుల నుంచి చేత్తో విసిరే ఫ్రంట్ టాస్‌కు సుమారు 33 మైళ్లు చాలు. సమయం సరిపోయింది కదా అని అక్కడే ఆగితే తప్పవుతుంది. అంతే సమయంలో గురుత్వం బంతిని అంతే కిందికి లాగుతుంది, కానీ ముందుకు వచ్చిన దూరం తక్కువ. కాబట్టి బంతి మరింత ఏటవాలుగా దిగుతుంది. దానికి అలవాటుపడిన కుర్రాడి బ్యాట్ కింది నుంచి పైకి ఎక్కువగా లేస్తుంది. శుక్రవారం రాత్రి మ్యాచ్‌లో స్ట్రైక్ జోన్ (వదిలేస్తే స్ట్రైక్ పడే చోటు) పైభాగంలో 94 మైళ్ల బంతి వస్తే దాని కిందుగా బ్యాట్ తిప్పి వట్టి చేతులతో వెనక్కి వస్తాడు. అందుకే వారానికి కొన్ని రౌండ్లైనా పూర్తి దూరం నుంచి, పూర్తి వేగంతో, జోన్ పైభాగానికి మెషిన్ పెట్టి ఆడించాలి. మెషిన్‌లో మరో లోపం, చేతి కదలిక కనపడకపోవడం. బంతి ఎప్పుడు బయటికొస్తుందో ముందే తెలిస్తే కుర్రాడు అడుగు వేసే సమయాన్ని మెషిన్‌కు కట్టేసుకుంటాడు. బంతిని తొట్టిలో వేసే ముందు పైకెత్తి చూపించి, ఆ చేతి విరామాన్ని మారుస్తూ వేయడం దీనికి పనికొస్తుంది.

ఇదంతా చేయడానికి సమయం దండిగా ఉండదు. సీజన్‌లో వారానికి 20 గంటలు, రోజుకు 4 గంటలు హద్దు. సీజన్ బయట వారానికి 8 గంటలు, అందులో నైపుణ్య శిక్షణకు 4 గంటలే. 56 మ్యాచ్‌ల సీజన్‌లో ప్రతి వారాంతానికీ ఎదుటి పిచర్లు ఏ కౌంట్‌లో (బాల్, స్ట్రైక్‌ల లెక్క) ఏ బంతి వేస్తారో నివేదిక తయారు చేయాలి. చాలాచోట్ల ఫస్ట్ బేస్ లేదా థర్డ్ బేస్ దగ్గర నిలబడి రన్నర్లను నడిపించేదీ అతనే.

కొలువు మెట్లు ఎక్కేవాళ్లు సాధారణంగా చిన్న కాలేజీలో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా మొదలై, వాలంటీరుగా కొన్నాళ్లుండి, జీతం ఉన్న అసిస్టెంట్ అవుతారు. జనవరిలో జరిగే అమెరికన్ బేస్‌బాల్ కోచెస్ అసోసియేషన్ సమావేశం పాఠాలకే కాదు, ఉద్యోగాల బేరాలకూ కూడలి. జే జాన్సన్ పాయింట్ లోమా నుంచి శాన్ డియెగో, నెవాడా, అరిజోనా కాలేజీల మీదుగా 2021లో ఎల్‌ఎస్‌యూ హెడ్ కోచ్‌గా చేరాడు. అక్కడ 2023, 2025 టైటిళ్లు గెలిచాడు. టెన్నెసీ 2024లో 184 హోమ్ రన్‌లతో టైటిల్ గెలిచినప్పుడు హిట్టింగ్ కోచ్ జాష్ ఎలాండర్. 2025 అక్టోబర్‌లో అక్కడి హెడ్ కోచ్ టోనీ విటెల్లో శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ మేనేజర్‌గా వెళ్లగా ఎలాండరే హెడ్ కోచ్ అయ్యాడు. మరో దారి ప్రొఫెషనల్ క్లబ్బులకు పోయింది. మిస్సోరీలో హిట్టింగ్ కోచ్‌గా చేసిన డిలన్ లాసన్ 2022లో యాంకీస్ హిట్టింగ్ కోచ్ అయ్యాడు. 2023 జులైలో సీజన్ మధ్యలోనే తొలగించారు. జట్టు పరుగులు చేయకపోతే ముందు పడే వేటు ఈ కుర్చీ మీదే.

ఇప్పుడు నియమాలు మళ్లీ మారాయి. 2021 నుంచి ఆటగాడు ఒకసారి కాలేజీ మారినా ఏడాది కూర్చోనక్కర్లేదు, 2024 నుంచి ఎన్నిసార్లైనా మారొచ్చు. మూడేళ్ల ప్రణాళికతో స్వింగ్ మార్చే ఓపిక ఆటగాడికీ లేదు, కోచ్‌కూ లేదు. ఆగస్టులో చేరిన కుర్రాడు ఫిబ్రవరి మధ్యలో మ్యాచ్ ఆడాలి. కాబట్టి స్వింగ్ మొత్తం కదిలించకుండా ఏ ఒక్క మార్పు పనికొస్తుందో ఎంచుకోవడమే నేటి నేర్పు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ ఒప్పందంతో (ఆటగాళ్లు ఎన్‌సీఏఏపై వేసిన దావాకు రాజీ), దానిలో చేరిన కాలేజీలకు 11.7 హద్దు పోయి 34 మంది ఆటగాళ్ల పరిమితి వచ్చింది. డబ్బున్న కాలేజీ 34 మందికీ పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చు.

మూడో అసిస్టెంట్ విషయంలోనూ అంతే. 2023 నియమం జీతం ఇవ్వడానికి అడ్డు తీసింది, ఇచ్చి తీరాలని చెప్పలేదు. పెద్ద కాన్ఫరెన్సుల్లో (కాలేజీ జట్ల లీగుల్లో) ఆ కుర్చీకి పూర్తి జీతం, బీమా, రిక్రూటింగ్‌కు బయటికెళ్లే అధికారం వచ్చాయి. చిన్న కాలేజీల్లో అది ఇప్పటికీ అథ్లెటిక్ డైరెక్టర్ బడ్జెట్ మీద, హెడ్ కోచ్ పోగుచేసే విరాళాల మీద, వేసవి క్యాంపుకు ఎంతమంది పిల్లలు వచ్చారన్న దాని మీద ఆధారపడి ఉంది.