జాజ్ ఆల్బమ్‌లో పక్కవాద్యకారుడి పేరు: వందేళ్ళ వివాదానికి నేపథ్యం

ఒడిశా సరిహద్దులోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం పరిసరాల తెలుగు కుటుంబాలకు క్లారినెట్, ట్రంపెట్, సాక్సఫోన్ పరాయి వాద్యాలు కావు. పెళ్ళి ఊరేగింపులోనూ అమ్మవారి సంబరంలోనూ బ్యాండు మేళంతో పాటు అవి వినబడుతూనే ఉంటాయి. ఆ వాద్యాలను ఇప్పుడు నేర్చుకుంటున్న యువకులు అమెరికా, బ్రిటన్ దేశాలలో తయారవుతున్న కొత్త జాజ్ ఆల్బమ్‌లను ఫోన్‌లో విని సాధన చేయగలుగుతున్నారు. అయితే ఆ ఫోన్ తెర మీద ఆల్బమ్ బొమ్మ, బృంద నాయకుడి పేరు, పాట పేరు మాత్రమే ముందుగా కనిపిస్తాయి. డ్రమ్స్ ఎవరు వాయించారు, రెండవ పాటలో ట్రంపెట్ ఎవరిది అన్న సంగతి చాలా సందర్భాలలో లోతుగా వెతికితే తప్ప తెలియదు, కొన్ని ఆల్బమ్‌ల విషయంలో వెతికినా దొరకదు. అలా మరుగున పడ్డ పేర్లతోనే వాయించినవారికి రావలసిన గుర్తింపు, కొంతవరకు డబ్బు కూడా, ముడిపడి ఉన్నాయి. సమకాలీన జాజ్ సంగీతకారులు ఇవాళ లేవనెత్తుతున్న ఈ వివాదం, పాటలను ఇంటర్నెట్‌లో వినిపించే స్ట్రీమింగ్‌తో పుట్టింది కాదు. దాని మూలాలు మొదటి జాజ్ రికార్డు దగ్గరే ఉన్నాయి.

జాజ్‌లో రాసిపెట్టుకున్న స్వరం తక్కువ, మనోధర్మం, అంటే అక్కడికక్కడే ఊహించి వాయించడం, ఎక్కువ. కర్ణాటక సంగీత కచేరీని ఆకాశవాణిలో ప్రసారం చేసేటప్పుడు గాయకుడి పేరుతో పాటు వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు అని చెప్పడం మనకు తరతరాలుగా అలవాటు. కచేరీ సగం ఆ పక్కవాద్యాల చేతిలోనే ఉంటుందని శ్రోతకు తెలుసు. జాజ్‌లో ఆ వాటా ఇంకా పెద్దది. ఒకే పాటను ఇద్దరు డ్రమ్స్ వాద్యకారులతో విడివిడిగా రికార్డు చేస్తే రెండు వేర్వేరు సంగీతాలు పుడతాయి. కానీ కాపీరైటు చట్టాలు పుట్టిన కాలానికి సంగీతమంటే కాగితం మీద రాసిన స్వరరచన, దానికి హక్కుదారు రచయిత. అక్కడికక్కడే ఊహించి వాయించేవాడు ఆ చట్టాల దృష్టిలో రోజు కూలికి వచ్చిన పనివాడు. ఆల్బమ్‌ల చరిత్ర పొడుగునా కనిపించే చిక్కు ఇదే.

1917 ఫిబ్రవరి 26న న్యూయార్క్‌లో ఒరిజినల్ డిక్సీలాండ్ జాస్ బ్యాండ్ అనే శ్వేతజాతి బృందం విక్టర్ కంపెనీ కోసం చేసిన రికార్డింగును తొలి జాజ్ రికార్డుగా పరిగణిస్తారు. న్యూ ఆర్లీన్స్ నల్లజాతి వాద్యకారులు పెంచి పోషించిన సంగీతం మొదటిసారి మార్కెట్టులోకి వచ్చినప్పుడే వారి పేర్లు దాని మీద లేవు. ఆ రికార్డులోని 'లివరీ స్టేబుల్ బ్లూస్' ఎవరి రచన అన్న తగాదా అదే సంవత్సరం షికాగోలో కోర్టుకు ఎక్కింది. న్యాయమూర్తి అది ఏ పక్షానికీ సొంతం కాదని, అందరిదీ అయిన బాణీ అని తేల్చారు. ఊహించి వాయించిన సంగీతానికి యజమాని ఎవరన్న ప్రశ్నను చట్టం మొదటి అడుగులోనే పక్కన పెట్టేసిందని చెప్పడానికి ఇంతకంటే తేటైన ఉదాహరణ నాకు కనబడదు.

అప్పటి రికార్డు ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాలే పట్టేది, గుండ్రని చీటీ మీద బృంద నాయకుడి పేరు, పాట పేరు వేయడానికే చోటు ఉండేది. రికార్డులు, రేడియో వ్యాపించేకొద్దీ ప్రత్యక్షంగా వాయించేవారికి పని తగ్గిందని అమెరికా సంగీతకారుల సమాఖ్య 1942 ఆగస్టు 1 నుండి రికార్డింగులను బహిష్కరించింది. పెద్ద కంపెనీలతో చివరి ఒప్పందాలు 1944 నవంబరులో కుదిరాయి. అమ్ముడయ్యే ప్రతి రికార్డు మీద కొంత మొత్తాన్ని సంగీతకారుల నిధికి చెల్లించడానికి కంపెనీలు అంగీకరించాయి. అది వాద్యకారులు సాధించిన నిజమైన విజయం. అయితే సరిగ్గా ఆ రెండేళ్ళలోనే న్యూయార్క్ క్లబ్బులలో చార్లీ పార్కర్, డిజ్జీ గిలెస్పీ వంటివారు రూపుదిద్దుతున్న బీబాప్ శైలి తొలినాళ్ళు చాలావరకు రికార్డు కాకుండా పోయాయి.

అదే 1942వ సంవత్సరం గంజాం ప్రజలకు వేరే కారణంగా గుర్తు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఈ జిల్లా నుండి, గోపాల్‌పూర్ రేవు మీదుగా, ఎన్నో కుటుంబాలు కూలి కోసం రంగూన్ వెళ్ళాయి. జపాన్ సేనలు బర్మాను ఆక్రమించినప్పుడు తెలుగువారు, ఒడియావారు, తమిళులు, బెంగాలీలు లక్షల సంఖ్యలో కాలినడకనా ఓడలపైనా తిరిగివచ్చారు. వచ్చినవారిలో కొందరు జాజ్ వాద్యకారులూ ఉన్నారు. రంగూన్‌లో పేరు తెచ్చుకున్న క్లారినెట్ వాద్యకారుడు రూబెన్ సాలొమన్, గిటారు వాద్యకారుడు సెడ్రిక్ వెస్ట్ కలకత్తా చేరి, అక్కడి గ్రాండ్ హోటల్‌లో బృందాన్ని నడుపుతున్న అమెరికన్ పియానో విద్వాంసుడు టెడ్డీ వెదర్‌ఫర్డ్‌తో కలిసి పనిచేశారు. యుద్ధకాలపు కలకత్తాలో ఆ బృందం కొలంబియా ముద్రతో రికార్డులు చేసింది. షికాగో నుండి షాంఘై మీదుగా మన దేశం చేరిన వెదర్‌ఫర్డ్ 1945 ఏప్రిల్‌లో కలకత్తాలోనే కలరాతో మరణించారు. ఆయన పేరు రికార్డుల మీద ఉంది. పక్కన కూర్చుని వాయించిన భారతీయుల, ఆంగ్లో ఇండియన్ల, బర్మా శరణార్థుల పేర్లను మాత్రం తరువాతి కాలపు పరిశోధకులు పాత పత్రికలు, జ్ఞాపకాలు జల్లెడ పట్టి ఏర్చుకోవలసి వచ్చింది. మన తీరం మీదుగా సాగిన ఈ చరిత్ర మన పాఠకులకు ఇంత తక్కువగా తెలియడం నన్ను బాధిస్తుంది.

1948 జూన్‌లో కొలంబియా కంపెనీ లాంగ్ ప్లే రికార్డును విడుదల చేయడంతో ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా సంగీతం పట్టింది, దానితో పాటు అడుగు వెడల్పున్న అట్ట వచ్చింది. ఆ అట్ట వెనుక భాగమే జాజ్ వాద్యకారులకు మొదటి నిజమైన చిరునామా. ఎవరు ఏ వాద్యం వాయించారు, ఏ తేదీన ఏ స్టూడియోలో, ఇంజనీరు ఎవరు అన్న వివరాలతో పాటు ఒక వ్యాసం కూడా అచ్చయ్యేది. ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 1959లో మార్చి 2, ఏప్రిల్ 22 తేదీలలో రికార్డు చేసిన 'కైండ్ ఆఫ్ బ్లూ'కు ఆ వ్యాసం రాసింది అందులో పియానో వాయించిన బిల్ ఎవాన్స్. జాన్ కోల్ట్రేన్, కానన్‌బాల్ ఆడర్లీ, వింటన్ కెల్లీ, పాల్ చాంబర్స్, జిమ్మీ కాబ్‌లను శ్రోతలు ఆ అట్ట చదివే గుర్తుపెట్టుకున్నారు. పేరు దక్కినంత మాత్రాన వాటా దక్కలేదన్నది నిజమే: డేవిస్ పేరు మీద నమోదైన 'బ్లూ ఇన్ గ్రీన్' తన రచన అని ఎవాన్స్ చాలాకాలం చెప్పుకోవలసి వచ్చింది. అసలు అమెరికా కేంద్ర చట్టం ధ్వని రికార్డింగులకు కాపీరైటు రక్షణ ఇచ్చింది 1972 ఫిబ్రవరి 15 నుండి మాత్రమే.

అట్టల యుగంలోనే భారతీయ వాద్యకారులు జాజ్ ఆల్బమ్‌లలోకి పేర్లతో సహా ప్రవేశించారు. అమెరికన్ పియానో వాద్యకారుడు డేవ్ బ్రూబెక్ 1958లో అమెరికా ప్రభుత్వ పర్యటనలో మన దేశానికి వచ్చి వెళ్ళాక చేసిన ఆల్బమ్‌లో 'కలకత్తా బ్లూస్' ఉంది. కోల్ట్రేన్ 1961లో 'ఇండియా'ను రికార్డు చేశారు. ఇవి మన సంగీతాన్ని దూరం నుండి చూసినవి. కలకత్తాలో పుట్టిన వయొలిన్ విద్వాంసుడు జాన్ మేయర్, జమైకాలో పుట్టిన సాక్సఫోన్ వాద్యకారుడు జో హారియట్‌తో కలిసి 1960ల మధ్యకాలంలో లండన్‌లో చేసిన ఇండో జాజ్ ఆల్బమ్‌లలో సితార్, తబలా జాజ్ వాద్యాల సరసన కూర్చున్నాయి. 1976లో వెలువడిన శక్తి బృందపు తొలి ఆల్బమ్‌తో జాన్ మెక్‌లాఫ్లిన్ గిటారు, ఎల్. శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయక్‌రామ్ ఘటం సమాన స్థాయిలో వినిపించాయి. అక్కడ పక్కవాద్యం అన్న మాటే వర్తించదు.

తెలుగువారికి ఈ కథలో సొంత మనిషి ఉప్పలపు శ్రీనివాస్. 1969లో పాలకొల్లులో పుట్టి, మాండొలిన్‌ను కర్ణాటక సంగీత వాద్యంగా నిలబెట్టిన ఆయన, మెక్‌లాఫ్లిన్ రిమెంబర్ శక్తి పేరిట మళ్ళీ కట్టిన బృందంలో చేరి 'ది బిలీవర్', 'సాటర్‌డే నైట్ ఇన్ బాంబే' ఆల్బమ్‌లలో వాయించారు. గమకాన్ని ఎక్కడా పలచబరచకుండా జాజ్ గిటారుతో సవాలు జవాబు సాగించిన ఆ వాయింపు వింటే, రెండు సంప్రదాయాల మనోధర్మం ఒకే భాష మాట్లాడగలదని నమ్మకం కుదురుతుంది. 2014లో, 45 ఏళ్ళకే, ఆయన మరణించడం తీరని లోటు. ఆయన తమ్ముడు ఉప్పలపు రాజేశ్ మెక్‌లాఫ్లిన్ చెన్నైలో రికార్డు చేసి 2008లో విడుదల చేసిన 'ఫ్లోటింగ్ పాయింట్'లో మాండొలిన్ వాయించారు. అమెరికా పియానో విద్వాంసుడు విజయ్ అయ్యర్ 2011లో తెచ్చిన 'తీర్థ' ఆల్బమ్‌లో గిటారు ప్రసన్నది, తబలా హైదరాబాద్ నుండి వెళ్ళిన నితిన్ మిట్టాది. ఈ పేర్లు మనకు తెలియడానికి కారణం అవి అట్ట మీదా లోపలి పుస్తకంలోనూ అచ్చు కావడమే.

సీడీ వచ్చినప్పుడు అక్షరాలు చిన్నవయ్యాయి కాని వివరాలు నిలిచాయి. పాటలు ఫైళ్ళుగా విడిపోయాక వివరాలు రాలిపోయాయి. 1969 నుండి అట్టకూ ధ్వనికీ సమాన శ్రద్ధ పెట్టిన మ్యూనిక్ సంస్థ ఇ.సి.ఎం. చాలాకాలం స్ట్రీమింగ్‌కు దూరంగా ఉండి, 2017 నవంబరులో తన జాబితా మొత్తాన్ని అక్కడ పెట్టింది. మన దేశంలో స్ట్రీమింగ్ సంస్థ స్పాటిఫై 2019 ఫిబ్రవరిలో మొదలైంది. ఆ సంస్థ లెక్కలో 30 సెకన్లు దాటి విన్న ప్రతి పాట ఒక్క వినికిడి, దాని నిడివితో పని లేదు. రెండు నిమిషాల సినిమా పాటకూ ఇరవై నిమిషాల జాజ్ రచనకూ లెక్కలో తేడా లేదు. పైగా 2024 నుండి, గడచిన 12 నెలలలో కనీసం 1,000 సార్లు వినబడని పాటకు రికార్డింగు రాయల్టీ (వాడుకకు ఇచ్చే వాటా) చెల్లించడం మానేశారు. దాదాపు మూడు గంటలు సాగే 'ది ఎపిక్'ను 2015లో తెచ్చిన సాక్సఫోన్ వాద్యకారుడు కమాసి వాషింగ్టన్‌కు పెద్ద శ్రోతృవర్గం ఉంది కనుక సరిపోయింది. చిన్న ఊళ్ళలో చిన్న బృందంతో పొడుగు రచనలు చేసేవారికి ఈ లెక్క న్యాయమైనదని నేను అనుకోను.

ఎదురు దారులు వెతికినవారిలో ముందుగా చెప్పవలసిన పేరు అమెరికన్ జాజ్ స్వరకర్త మారియా ష్నైడర్. శ్రోతల నుండి నేరుగా డబ్బు సేకరించే ఆర్టిస్ట్‌షేర్ ద్వారా 2004లో ఆమె విడుదల చేసిన 'కాన్సర్ట్ ఇన్ ద గార్డెన్' దుకాణాలలో అమ్మకుండానే అమెరికా సంగీత పురస్కారం గ్రామీ గెలుచుకుంది. 2020 నాటి 'డేటా లార్డ్స్' డిజిటల్ సంస్థల పెత్తనం మీద ఆమె సంగీతంలో రాసిన అభియోగపత్రం. బ్యాండ్‌క్యాంప్ వేదిక డిజిటల్ అమ్మకం మీద సాధారణంగా 15 శాతం కమీషన్, చెల్లింపు ఖర్చు మినహాయించి మిగతాది కళాకారుడికి ఇస్తుంది. 2020 మార్చిలో, కోవిడ్ వల్ల కచేరీలు ఆగిపోయినప్పుడు, ఆ కమీషన్ కూడా వదులుకునే శుక్రవారాలను ప్రారంభించింది. షికాగో డ్రమ్స్ వాద్యకారుడు మకాయా మెక్‌క్రేవెన్ దాదాపు 48 గంటల ప్రత్యక్ష వాయింపును కత్తిరించి అతికించి 2015లో 'ఇన్ ద మొమెంట్'ను తయారుచేశారు. అలాంటి ఆల్బమ్‌లో ఎవరి ఊహ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చెప్పడానికి పేర్ల పట్టిక ఒక్కటే ఆధారం. లండన్‌లో ఎజ్రా కలెక్టివ్ 2023లో బ్రిటన్‌లో ఏటా ఒక ఆల్బమ్‌కు ఇచ్చే మెర్క్యురీ బహుమతి పొందిన తొలి జాజ్ బృందమైంది. ఆ బృంద సభ్యులు 1991లో మొదలైన టుమారోస్ వారియర్స్ శిక్షణ సంస్థ నుండి వచ్చినవారన్నది బహుమతి కంటే ముఖ్యమైన సంగతి.

చట్టం మెల్లగానైనా కదిలింది. అమెరికా 1995లో డిజిటల్ ప్రసారాల మీద వాద్యకారులకు హక్కు ఇచ్చింది. ఇంటర్నెట్ రేడియో రుసుములో 50 శాతం రికార్డింగు హక్కుదారుకు, 45 శాతం ప్రధాన కళాకారులకు, 5 శాతం పక్కవాద్యకారులకు, గాయకులకు అని పంపకం ఏర్పడింది. ఆ అయిదు శాతం అందాలంటే ఎవరు వాయించారో నమోదై ఉండాలి. మన 1957 కాపీరైటు చట్టంలో ప్రదర్శకుల హక్కులు 1994 సవరణతో చేరాయి, 2012 సవరణ వాటిని బలపరిచింది. 38ఎ సెక్షను ప్రదర్శన వాణిజ్యపరంగా వాడబడినప్పుడు రాయల్టీకి దారి చూపగా, 38బి సెక్షను తన ప్రదర్శనకు తానే కర్తనని గుర్తింపు పొందే హక్కును ఇచ్చింది. అయితే ప్రదర్శనను వాడే పద్ధతిని బట్టి పేరు వదిలేయక తప్పని సందర్భాలకు అదే సెక్షను మినహాయింపు కూడా ఇచ్చింది. ఫోన్ తెర చిన్నదన్నది అటువంటి తప్పనిసరి కారణం కాదని నా అభిప్రాయం. ఒక్క నొక్కుతో తెరుచుకునే పుటకు అట్టలాగా చోటు కరువు ఉండదు. 2018లో భారతదేశం ప్రదర్శకుల హక్కులపై 1996 నాటి అంతర్జాతీయ ఒప్పందంలోనూ చేరింది.

ఈ హక్కులు బరంపురం స్టూడియో దాకా రావాలంటే రికార్డింగు నాటి కాగితం సరిగా ఉండాలి. తెలుగు, ఒడియా భక్తిగీతాలకూ పెళ్ళి పాటలకూ క్లారినెట్, సాక్సఫోన్ వాయించి ఆ పూట డబ్బు తీసుకుని వెళ్ళే వాద్యకారుడి పేరు చాలాసార్లు ఎక్కడా రాయరు. పాటను స్ట్రీమింగ్‌కు పంపే పంపిణీ సంస్థల నమోదు పత్రాలలో వాద్యకారుల పేర్లకూ వారు వాయించిన వాద్యానికీ గడులు ఉంటాయి, ప్రతి రికార్డింగుకు ఒక అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య ఇస్తారు. ఆ గడులను ఖాళీగా వదిలి పంపిన పాటకు తరువాత పేర్లు చేర్పించడం కష్టమైన పని. గాయకుల కోసం 2013లో ఏర్పడి, అనంతరం వాద్యకారులనూ చేర్చుకున్న హక్కుల సంఘంలో సభ్యత్వం తీసుకోవాలన్నా తాను వాయించిన రికార్డింగుల జాబితా చూపించుకోవాలి. కనుక రికార్డింగు రోజునే వాయించినవారి పేర్లు, వాద్యాలు, తేదీ ఒక కాగితం మీద రాసి అందరి సంతకాలు తీసుకోవడం, దాని నకలు ప్రతి వాద్యకారుడికీ ఇవ్వడం ఇక్కడి బ్యాండు మేళాలు, స్టూడియోలు వెంటనే మొదలుపెట్టగలిగిన పని.