ఎనిమిదేళ్ల ముందే తీసి దాచిన ముగింపు

హౌ ఐ మెట్ యువర్ మదర్ అనే కామెడీ సీరియల్ చివరి ఎపిసోడ్ 2014 మార్చి 31న అమెరికాలో సీబీఎస్ టీవీ ఛానెల్‌లో వచ్చింది. సుమారు 1.3 కోట్ల మంది చూశారు. ఇన్నేళ్లయినా ఆ క్లైమాక్స్ మాటెత్తితే ఫ్యాన్స్‌కి కడుపు మండుతూనే ఉంది, నాకైతే మరీను. కథలో అమ్మ పాత్రని చంపేశారనే కోపం అనుకుంటారు చాలామంది, కానీ అసలు గొడవ అంతకు చాలా ముందే మొదలైంది.

2005 సెప్టెంబరులో మొదలైన కథ ఇది. 2030లో టెడ్ మోస్బీ తన కూతుర్నీ కొడుకునీ సోఫాలో కూర్చోబెట్టి, మీ అమ్మని ఎలా కలిశానో చెప్తానంటాడు. మొదటి ఎపిసోడ్‌లోనే రాబిన్ అనే అమ్మాయి మీద మనసు పడతాడు, ఆమె కోసం రెస్టారెంట్ గోడ మీదున్న నీలం రంగు ఫ్రెంచ్ హార్న్ అనే ఊదే వాద్యాన్ని ఎత్తుకొస్తాడు. తీరా ఆ ఎపిసోడ్ చివర్లో, ఆమె అమ్మ కాదు, మీ రాబిన్ ఆంటీ అంటాడు. అంటే రాబిన్ కాదని మనకి మొదటిరోజే తెలుసు.

చిక్కల్లా ఆ సోఫాలోని పిల్లలతో వచ్చింది. కథ చెప్పడం ఒక్క కూర్చోవడంలో జరుగుతోంది, నటించే పిల్లలేమో ఏటికేడాది పెరిగిపోతారు. అందుకే రెండో సీజన్ తీస్తున్న రోజుల్లోనే, రచయితలు కార్టర్ బేస్, క్రెయిగ్ థామస్ ఆ పిల్లల చివరి సీన్ షూట్ చేసి దాచేశారు: అమ్మ పోయి ఆరేళ్లయింది, నీకు రాబిన్ ఆంటీ అంటే ఇష్టం, వెళ్లి అడుగు నాన్నా అని. అప్పట్లో సీరియల్ ఎన్నాళ్లు నడుస్తుందో వాళ్లకే నమ్మకం లేదు, రెండు మూడు సీజన్లకే ఆగిపోయుంటే ఈ ముగింపు చక్కగా అతికేది.

కానీ ఆగలేదు, తొమ్మిది సీజన్లు, 208 ఎపిసోడ్లు నడిచింది. టెడ్‌కి పెళ్లి, పిల్లలు కావాలి, రాబిన్‌కి ఉద్యోగం, ప్రపంచం తిరగడం కావాలి, అందుకే రెండో సీజన్ చివర్లోనే విడిపోయారు. తర్వాత రాబిన్, వాళ్ల స్నేహితుడు బార్నీ దగ్గరయ్యారు. చివరి సీజన్‌లో 22 ఎపిసోడ్లు వాళ్ల పెళ్లి జరిగే ఆ రెండు మూడు రోజుల మీదే నడిపి, ఆఖరి ఎపిసోడ్‌లో మొదటి సగం పూర్తికాకముందే విడాకులిప్పించేశారు!

ఇక అమ్మ. 2013 మేలో, ఎనిమిదో సీజన్ ఆఖరి క్షణాల్లో, రైల్వే టికెట్ కౌంటర్ దగ్గర పసుపు గొడుగుతో అమ్మ ట్రేసీ పాత్రలో నటి క్రిస్టిన్ మిలియోటి కనిపించింది. ఒక్క సీజన్‌లోనే జనం ఆ ట్రేసీని ఇంట్లో మనిషిలా చూసుకున్నారు. ఆమె తొలిసారి కనిపించడానికి రెండు నెలల ముందు ఒక ఎపిసోడ్‌లో, టెడ్ తన ఊహలో ఆమె ఇంటి తలుపు తట్టి, ఇంకో 45 రోజుల్లో మనం కలుస్తాం, కానీ ఆ 45 రోజులు కూడా నాకు కావాలి అంటాడు, ఆ సీన్ ఇప్పటికీ నేను పూర్తిగా చూడలేను. అంతగా ఎదురుచూసిన మనిషికి ఆస్పత్రి మంచం మీద కొన్ని సెకన్లు ఇచ్చి సరిపెట్టారు, ఏడవడానికి కూడా టైమ్ ఇవ్వలేదు. వెంటనే పిల్లల ఆ పాత క్లిప్, వెంటనే రాబిన్ కిటికీ కింద టెడ్, చేతిలో మళ్లీ అదే నీలం హార్న్.

ఎన్నో సీజన్లు పట్టి టెడ్ రాబిన్‌ని వదులుకున్నాడు, రచయితలు మాత్రం ఆ క్లిప్‌ని వదులుకోలేకపోయారు.

2014 సెప్టెంబరులో డీవీడీలో ఇంకో ముగింపు ఇచ్చారు. అందులో ట్రేసీ చనిపోదు, పిల్లల పాత సీన్ లేదు. వానలో ప్లాట్‌ఫామ్ మీద పసుపు గొడుగు కింద ఇద్దరూ మాట్లాడుకుంటుండగా రైలు వచ్చేస్తుంది, అంతే.