వాల్తేరు క్యాంపస్‌లో ఆగిపోయిన ఓటు

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆగిపోయిన విద్యార్థి సంఘం ఎన్నికలు మళ్లీ పెట్టాలా వద్దా అన్న మాట లేచింది. యూనివర్సిటీ 1926లో బెజవాడలో మొదలై 1930లో వాల్తేరు చేరడం, సర్వేపల్లి రాధాకృష్ణన్ ఇక్కడ వైస్ ఛాన్సలర్‌గా చేయడం అందరికీ తెలిసినవే. ఇప్పటి తగువుకు వాటితో పనిలేదు.

పనున్నది 1973తో. నెల్లూరు వీఆర్ కాలేజీలో సంఘం అధ్యక్షుడిగా చేసి, జై ఆంధ్ర ఉద్యమంలో తిరిగిన కుర్రాడొకడు లా చదవడానికి విశాఖ వచ్చి, 1973-74లో ఏయూ కాలేజీల విద్యార్థి సంఘానికీ అధ్యక్షుడయ్యాడు. 1978లో ఉదయగిరి ఎమ్మెల్యే, 2017లో ఉపరాష్ట్రపతి అయిన వెంకయ్య నాయుడే ఆయన. పూర్వ విద్యార్థుల సభల్లో ఆయన లా పట్టా గురించే చెబుతారు, గెలిచిన ఎన్నిక గురించి చెప్పరు. ఓట్లడగడం నేర్పేది మాత్రం ఎన్నికే. ఆర్ట్స్, సైన్స్, ఇంజినీరింగ్, లా, ఒక్కో కాలేజీది ఒక్కో లెక్క. ఒక హాస్టల్ చేతిలో ఉంటే చాలదు; శ్రీకాకుళం వాళ్లను, గోదావరి జిల్లాల వాళ్లను, సిటీ బస్సుల్లో వచ్చే డేస్కాలర్లను విడివిడిగా కలవాలి. ఓడినా మర్నాడు అదే మెస్‌లో, గెలిచినవాడి ఎదురుగానే తినాలి.

1980ల చివర్లో రాష్ట్రంలో ఈ ఎన్నికలు ఆపేశారు. కొట్లాటలు, కుల ముఠాలు, పాడైన క్లాసులు కారణమని అధికారుల వాదన. కొంత నిజమే. అయితే ఆగింది ఓటొక్కటే. పార్టీల విద్యార్థి విభాగాలు ఉన్నాయి, వాటికి ప్రెసిడెంట్లూ ఉన్నారు. ఒకప్పుడు ప్రెసిడెంటు ఓటేసినవాళ్లకు జవాబు చెప్పుకోవాలి, ఇప్పుడు పదవిచ్చిన పార్టీ ఆఫీసుకు చెప్పుకుంటే చాలు. మెస్ బిల్లు పెరిగితే నాలుగు సంఘాలు నాలుగు వినతిపత్రాలు పట్టుకెళ్తాయి. అందరి తరఫునా మాట్లాడేదెవరని వీసీ అడిగితే నలుగురూ చెయ్యెత్తుతారు.

గొడవల భయానికి మందు 2006లోనే వచ్చింది. విద్యార్థి ఎన్నికలు ఎలా జరపాలో చెప్పిన లింగ్డో కమిటీ సిఫార్సులను ఆ సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు అమలు చేయమంది. ఒక్కో అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు. అచ్చు పోస్టర్లు వద్దు, చేత్తో రాసినవే అంటించాలి. హాజరు కనీసం 75 శాతం ఉండాలి, బ్యాక్‌లాగులు ఉండకూడదు. నామినేషన్ల నుంచి ఫలితాల దాకా పది రోజుల్లో ముగియాలి. ఫలితాలొచ్చిన రెండు వారాల్లో ఆడిట్ చేసిన లెక్కలివ్వాలి. ముఠా నాయకుడికి హాజరు నిబంధనే పెద్ద అడ్డం. క్లాసుకు రానివాడు నామినేషనే వేయలేడు.

చిక్కల్లా క్యాలెండరులో వస్తుంది. విద్యా సంవత్సరం మొదలైన ఆరు నుంచి ఎనిమిది వారాల్లో ఎన్నిక పెట్టాలి. పీజీ కౌన్సెలింగ్ విడతలుగా సాగితే ఓటర్ల జాబితా తేలేసరికి ఆ గడువు దాటిపోతుంది. కాబట్టి తేదీని అడ్మిషన్ నోటిఫికేషన్‌లోనే వేసేయాలి.

వాతావరణం బాగాలేని చోట ఎన్నిక బదులు విద్యార్థి ప్రతినిధులను నామినేట్ చేసుకోవచ్చని కమిటీ ఒప్పుకుంది, అదీ మహా అయితే ఐదేళ్లు. తీర్పు నాటి నుంచి లెక్కేసినా ఆ ఐదేళ్లు 2011లోనే తీరిపోయాయి.