కరిగే మంచు ఎందుకు చిటపటలాడుతుంది?

కిందటి వేసవిలో ఆర్కిటిక్‌లో ఉన్న నార్వే వాళ్ళ స్వాల్‌బార్డ్ దీవుల చుట్టూ ఓడలో తిరిగొచ్చిన ఒక పాఠకురాలు ఈ ప్రశ్న పంపారు. "కాంగ్స్‌ఫియోర్డ్‌లో మమ్మల్ని ఓడ దింపి రబ్బరు పడవల్లో తిప్పారు. ఒకచోట ఇంజిన్ ఆపేశారు. గాలి లేదు, అలలు లేవు. నీళ్ళ మీద చిన్నా పెద్దా మంచుగడ్డలు తేలుతున్నాయి. నీళ్ళంతా ఒకటే చిటపట! మంచు కరుగుతున్న చప్పుడని మా గైడ్ చెప్పాడు. కరిగితే చప్పుడెందుకు రావాలండీ? మా ఫ్రిజ్‌లో ఐసు కరిగితే రాదు కదా?"

ఆవిడ ప్రశ్నలోని చివరి మాటే అసలు చిక్కుముడి. ఫ్రిజ్ ఐసూ మంచే, హిమానీనదం నుంచి విరిగిపడ్డ గడ్డా మంచే. రెండూ నీరే. అయినా ఒకటి మాట్లాడుతుంది, ఇంకొకటి మాట్లాడదు. ఎందుకో తెలిశాక ఈ విషయం మీద నాకు పెరిగిన ఇష్టం ఇప్పటికీ తగ్గలేదు.

ముందు చోటు గురించి రెండు మాటలు. కాంగ్స్‌ఫియోర్డ్ అనేది స్వాల్‌బార్డ్‌లోని స్పిట్స్‌బెర్గెన్ దీవి పడమటి తీరంలో, 79 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి దగ్గర్లో, నేలలోకి చొచ్చుకొచ్చిన ఒక సముద్రపు పాయ (ఫియోర్డ్). అంత ఉత్తరాన కూడా వేసవిలో ఓడలు తిరగగలుగుతున్నాయంటే, అట్లాంటిక్ నుంచి ఎగబాకి వచ్చే వెచ్చటి ప్రవాహం పుణ్యమే. పాయ లోపలి చివర క్రోనెబ్రీన్ లాంటి హిమానీనదాలు నేరుగా సముద్రంలోకి దిగుతాయి. మధ్యలో బ్లూమ్‌స్ట్రాండ్ అనే నేల ఉంది. పాత పటాల్లో దాన్ని ద్వీపకల్పంగా గీశారు. దాన్ని ప్రధాన నేలతో కలుపుతున్నది మంచేనని, 1990ల తొలి ఏళ్ళలో ఆ మంచు వెనక్కి తగ్గాక తేలింది. ఇప్పుడది దీవి.

ఆర్కిటిక్ గురించి మన ఫోన్లలో తిరిగేది వేరే సరుకు. ఉత్తర ధ్రువంలో ఆకాశమంత చంద్రుడు ఉదయించి, సూర్యుణ్ణి కప్పేసి, అర నిమిషంలో మాయమయ్యే వీడియో మీకూ వచ్చే ఉంటుంది. అది కంప్యూటర్లో చేసిన బొమ్మ. చంద్రుడు ఎక్కడి నుంచి చూసినా అర డిగ్రీ వెడల్పే ఉంటాడు. చదువుకున్నవాళ్ళు కూడా దాన్ని "సృష్టి అద్భుతం" అంటూ పంపుతుంటే నాకు బాధగా ఉంటుంది. నిజమైన అద్భుతం ఆ నీళ్ళలో చెవికి వినబడుతోంది, దాన్ని ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

మంచు నీలంగా ఎందుకుంటుందన్న ప్రశ్నను ఇవాళ వదిలేస్తున్నాను. మనకు కావాల్సింది మంచులోని గాలి.

హిమానీనదం మంచు నీళ్ళు గడ్డకట్టి తయారైంది కాదు. కురిసిన మంచు మీద మళ్ళీ మంచు కురిసి, అడుగు పొరలు అణిగి అణిగి తయారైంది. కొత్తగా కురిసిన మంచులో ఎక్కువ భాగం గాలే. పైబరువు పెరిగేకొద్దీ రేణువులు దగ్గరవుతాయి, మధ్య సందులు సన్నబడతాయి. సాంద్రత ఘనమీటరుకు 830 కిలోలకు చేరేసరికి సందులన్నీ మూసుకుపోతాయి. అప్పటిదాకా పైగాలితో రాకపోకలున్న గాలి అక్కడ బందీ అవుతుంది. అలా పట్టుబడిన గాలి కిలో మంచుకు దాదాపు 100 మిల్లీలీటర్లు ఉంటుంది. ఆ తర్వాత కూడా పైన మంచు కురుస్తూనే ఉంటుంది. ప్రతి 11 మీటర్ల మంచు మందానికి ఒక అట్మాస్ఫియర్ (అంటే మన చుట్టూ ఉన్న గాలి పీడనమంత) చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. 100 మీటర్ల లోతుకు దిగిన బుడగ, మన చుట్టూ ఉన్న గాలికంటే దాదాపు పది రెట్లు పీడనంతో నలుగుతూ ఉంటుంది.

ఇప్పుడు ఆ మంచు వందల ఏళ్ళపాటు మెల్లగా జారుతూ వచ్చి సముద్రం ఒడ్డున విరిగి పడింది. పైబరువు పోయింది. బుడగలోని పీడనం మాత్రం అంత తేలిగ్గా పోదు, చుట్టూ ఉన్న మంచు గట్టిగా పట్టుకునే ఉంటుంది. గ్రీన్‌లాండ్ ఐస్‌బర్గ్‌ల బుడగల్లో 20 అట్మాస్ఫియర్ల దాకా పీడనం ఉంటుందని 1960లోనే కొలిచారు.

తొలి ఏకాదశికి ఇంట్లో పేలాలు వేయించడం చూసినవాళ్ళకు మిగతా కథ ఇట్టే అర్థమవుతుంది. మొక్కజొన్న గింజనే తీసుకోండి. లోపలి తేమ ఆవిరవుతుంది, పైతొక్క దాన్ని బయటికి పోనివ్వదు. సుమారు 180 డిగ్రీల దగ్గర లోపలి పీడనం 9 అట్మాస్ఫియర్లకు చేరుతుంది, తొక్క ఓడిపోతుంది, గింజ పేలుతుంది. మంచులోని బుడగ పీడనం కూడా ఇంచుమించు అంతే! అయితే ఓడిపోయే పద్ధతి తలకిందులు. గింజలో తొక్క మందం మారదు, పీడనం పెరుగుతుంది. మంచులో పీడనం అప్పటికే సిద్ధంగా ఉంది, గోడ పలచబడుతుంది. చుట్టూ ఉన్న నీరు మంచును కరిగిస్తూ లోపలికి వస్తుంటుంది. బుడగకూ నీటికీ మధ్య మిగిలిన పొర ఏదో ఒక క్షణంలో ఇక ఆగలేదు. టప్!

ఈ పోలిక ఇంకా చాలా దూరం పోతుంది. మూకుట్లో గింజలన్నీ ఒకేసారి పేలవు, దేని తొక్క దానిదే. అందుకే ఒక్క పెద్ద చప్పుడు కాకుండా వరసగా చిటపటలు వస్తాయి. మంచులోనూ అంతే, ప్రతి బుడగా తన గోడ కరిగినప్పుడే పేలుతుంది. మంట పెంచితే చిటపట జోరందుకుంటుంది. నీరు వెచ్చబడినా అంతే. మూత పెట్టిన మూకుడు పక్కన నిలబడి చప్పుడును బట్టే ఎన్ని పేలాయో, ఎప్పుడు దించాలో చెప్పే చేయి తిరిగినవాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. మంచు ఎంత జోరుగా కరుగుతోందో నీటి అడుగు నుంచి విని చెప్పాలని శాస్త్రవేత్తలు చేస్తున్న ప్రయత్నం సరిగ్గా ఇదే. పేలని గింజలు కూడా కొన్ని ఉంటాయి కదా, మంచులో వాటి జోడు గాజులా స్వచ్ఛంగా కనబడే గడ్డలు. కరిగిన నీరు మళ్ళీ గడ్డకట్టడం వల్ల ఏర్పడిన అలాంటి మంచులో బుడగలు ఉండవు, చప్పుడూ ఉండదు. ఫియోర్డ్‌లో తెల్లటి గడ్డ పక్కన చిటపట వినిపించి, పారదర్శకంగా ఉన్న గడ్డ పక్కన ఏమీ వినిపించకపోతే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఫ్రిజ్ ఐసు సంగతీ ఇక్కడే తేలిపోతుంది. ట్రేలో నీరు బయటి నుంచి లోపలికి గడ్డకడుతుంది, నీటిలో కరిగి ఉన్న గాలి మధ్యకు నెట్టుకుపోతుంది. ముక్క మధ్యలో కనిపించే తెల్లటి మచ్చ అదే. బుడగలు ఉన్నాయి గానీ వాటిని నలిపిన వంద మీటర్ల బరువు లేదు. గ్లాసులో వేయగానే వచ్చే 'టక్' వేరు. చల్లటి ముక్క పైభాగం ఒక్కసారిగా వేడెక్కి, లోపలిభాగం ఇంకా చల్లగానే ఉండటంతో ముక్క పగిలే చప్పుడది.

పొర తెగితే సరే, మనకు వినిపించే శబ్దం ఎక్కడిది? గాలి నీటిలోకి చిమ్మి గుండ్రటి బుడగగా మారుతుంది. ఆ బుడగ ఊరికే ఉండదు, ఉబ్బుతూ కుంచించుకుంటూ మోగుతుంది. లోపలి గాలి స్ప్రింగు, చుట్టూ ఉన్న నీరు దానికి తగిలించిన బరువు. 1933లో మార్సెల్ మిన్నార్ట్ అనే శాస్త్రవేత్త దీనికి చక్కటి సూత్రం కట్టాడు. నీటి ఉపరితలం దగ్గర, 3.26ను బుడగ వ్యాసార్ధంతో (మిల్లీమీటర్లలో) భాగిస్తే అది మోగే పౌనఃపున్యం కిలోహెర్ట్జ్‌లలో వస్తుంది. వాగు గలగలకు కూడా మూలం ఇలాంటి బుడగలే. మన బడి పుస్తకాల్లో ధ్వని పాఠమంటే తీగ, డప్పు, వేణువు. బుడగ ఉండదు. పిల్లలు రోజూ వినే నీటి చప్పుడును వదిలేసి శృతిదండం చూపిస్తాం! ఈ ఒక్క సూత్రం తొమ్మిదో తరగతిలో చెబితే ఎంత బాగుంటుందో.

ఒక లెక్క చేద్దాం. మంచులో అర మిల్లీమీటరు వ్యాసార్ధం ఉన్న బుడగ, 10 అట్మాస్ఫియర్ల పీడనం. బయటపడితే ఘనపరిమాణం పది రెట్లవుతుంది. వ్యాసార్ధం 10కి ఘనమూలం, అంటే 2.15 రెట్లు పెరిగి సుమారు 1.08 మిల్లీమీటర్లవుతుంది. 3.26ను దానితో భాగిస్తే దాదాపు 3 కిలోహెర్ట్జ్. మనిషి చెవి బాగా పట్టుకునే పౌనఃపున్యాల్లో సరిగ్గా మధ్యన పడింది. ఇదే లెక్కన కిలో మంచులోని 100 మిల్లీలీటర్ల గాలి బయటికి రావాలంటే దాదాపు 19 వేల బుడగలు పేలాలి. పడవ పక్కన తేలే ఒక మోస్తరు గడ్డ బరువు ఎన్ని కిలోలుంటుందో ఊహించుకోండి.

లోతుకు పోతే లెక్క మారుతుంది. 30 మీటర్ల లోతులో నీటి పీడనమే 4 అట్మాస్ఫియర్లు. అక్కడ బుడగ ఘనపరిమాణం రెండున్నర రెట్లే పెరుగుతుంది. చిన్నగా ఉండిపోతుంది, పైగా చుట్టూ ఉన్న పీడనం స్ప్రింగును బిగిస్తుంది, దాంతో స్వరం 9 కిలోహెర్ట్జ్‌లు దాటుతుంది, పేలుడు బలం తగ్గుతుంది. 90 మీటర్ల దగ్గర లోపలా బయటా 10 అట్మాస్ఫియర్లే. పేలడానికి కారణమే ఉండదు. కాబట్టి వినిపించేదంతా పై కొన్ని పదుల మీటర్ల నుంచే వస్తుంది. అంతకంటే లోతున మంచు ఎంత కరిగినా హైడ్రోఫోన్‌కు (నీటి అడుగున వినే మైకుకు) అందదు. చప్పుడు విని కరుగుదలను అంచనా వేసే పద్ధతికున్న అసలు పరిమితి ఇదే.

2015లో ప్రచురితమైన ఒక అధ్యయనం అలాస్కా, అంటార్కిటికా ఫియోర్డ్‌లలో కొలిచి, 1 నుంచి 3 కిలోహెర్ట్జ్‌ల మధ్య శబ్దం 120 డెసిబెల్స్ దాకా ఉంటుందని చెప్పింది. సహజంగా ఇంత సందడిగా ఉండే సముద్ర ప్రాంతాలు అరుదు. అయితే 120 అనగానే జెట్ విమానంతో పోల్చేయకూడదు. నీటిలో డెసిబెల్స్‌కు ఆధారంగా తీసుకునే పీడనం వేరు, నీటి గుణమూ వేరు. గాలిలోకి మార్చాలంటే 62 దాకా తీసేయాలి. మిగిలేది మామూలు సంభాషణంత. ఒక్కటే తేడా, అది పగలూ రాత్రీ ఆగదు. అలాస్కాలో సీల్ జంతువులు ఇలాంటి ఫియోర్డ్‌లను ఇష్టపడటానికి, ఈ గోలలో తమ అలికిడి తమను వేటాడే ఓర్కా తిమింగలాలకు వినబడకపోవడం ఒక కారణం కావచ్చని ఆ పరిశోధకుల ఊహ.

ఇంతవరకు చిటపట కరగడానికి ఫలితం. 2023లో అమెరికాలోని ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు దాన్ని ఇటునుంచి అటు చూశారు. నీటిలో మునిగిన మంచుకు ఆనుకుని చల్లటి నీటి పలచని పొర ఒకటి ఉంటుంది. అది దుప్పటిలా వెచ్చటి నీటిని మంచును తాకనివ్వదు. బుడగ చిమ్మినప్పుడు ఆ పొర చెదిరిపోతుంది, పైకి లేచే బుడగలు దాన్ని ఇంకా కలియబెడతాయి. ప్రయోగశాలలో బుడగలున్న హిమానీనదపు మంచు, బుడగల్లేని మంచు కంటే 2.25 రెట్లు వేగంగా కరిగింది. అంటే పేలుడు కరగడాన్ని తొందరపెడుతోంది, కరగడం పేలుళ్ళను తెస్తోంది. హిమానీనదాలు సముద్రంలో ఎంత వేగంగా కరుగుతాయో లెక్కగట్టే మోడళ్ళు ఈ బుడగలను పట్టించుకోకుండా తయారైనవి. నాకు ఈ కథలో అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే.

స్వాల్‌బార్డ్ దక్షిణాన హోర్న్‌సున్ ఫియోర్డ్‌లో పోలండ్ వాళ్ళ స్టేషన్ 1957 నుంచీ ఉంది. అక్కడి హాన్స్ హిమానీనదం ముందు నీటిలో హైడ్రోఫోన్లు దించి, మంచు పెళ్ళలు విరిగిపడే లోతైన ఉరుమునూ, కరిగే చిటపటనూ పౌనఃపున్యాన్ని బట్టి విడదీస్తున్నారు. మనవాళ్ళూ దూరంగా లేరు. కాంగ్స్‌ఫియోర్డ్ ఒడ్డున నీ-ఓలెసున్ అనే ఊళ్ళో 2008 నుంచి భారత్ స్టేషన్ 'హిమాద్రి' ఉంది. 2014లో ఫియోర్డ్‌లో 192 మీటర్ల లోతున నిలిపిన 'ఇండార్క్' అనే పరికరాల వరస వెనుక హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ శాస్త్రవేత్తలు కూడా ఉన్నారు. చెన్నైలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఓషన్ టెక్నాలజీ వాళ్ళు ఇదే నీళ్ళలో ఐస్‌బర్గ్‌లు పగిలే చప్పుళ్ళు రికార్డు చేశారు. నీ-ఓలెసున్‌లో దిగే ఓడ ప్రయాణికులు ఫోన్లలో వైఫై, బ్లూటూత్ ఆపేయాలి. అక్కడి రేడియో టెలిస్కోపులు క్వేజార్ల (ఎంతో దూరాన వెలిగే గెలాక్సీ కేంద్రాల) నుంచి వచ్చే బలహీనమైన సంకేతాలను వింటూ భూమి కదలికలను కొలుస్తుంటాయి.

మీలో ఎవరైనా అటు వెళ్ళబోతుంటే చిన్న ఓడను ఎంచుకోండి. 2025 నుంచి స్వాల్‌బార్డ్ రక్షిత ప్రాంతాల్లోకి 200 మందికి మించి ప్రయాణికులున్న ఓడలను రానివ్వడం లేదు, కాబట్టి ఆ చోట్లన్నీ చిన్న ఓడలకే. రబ్బరు పడవ ఎక్కాక ఐదు నిమిషాలు ఇంజిన్ ఆపమని గైడ్‌ను అడగండి. తెడ్డు ఉంటే దాని రెక్కను నీటిలో ముంచి, పిడిని చెవి వెనక ఎముకకు ఆనించండి. గాలిలో వినబడని లోపలి గోల కర్ర గుండా నేరుగా వినిపిస్తుంది. తెల్లటి గడ్డ పక్కనా, స్వచ్ఛమైన గడ్డ పక్కనా విని పోల్చండి. హిమానీనదం గోడకు మాత్రం 200 మీటర్లకంటే దగ్గరికి పోదామని పట్టుబట్టకండి. అక్కడ పెళ్ళ విరిగితే లేచే అలకు, ఎగిరిపడే మంచుకు రబ్బరు పడవ ఆగదు. పైగా నీటి అడుగున విరిగిన ముక్క ఎటు నుంచి పైకి తేలుతుందో గైడ్ కూడా చెప్పలేడు.