అంబులెన్సు వచ్చేదాకా

చిరంజీవులకు,

గుండె ఆగిన మనిషికి అంబులెన్సు వాళ్లు ఏం చేస్తారని అడిగారు. ఆ పనిలోనే నా తల నెరిసింది కాబట్టి చెబుతాను.

సినిమాల్లో గుండె మానిటరు మీద గీత చదునుగా సాగగానే షాక్ ఇస్తారు, మనిషి లేచి కూర్చుంటాడు. ఒట్టి మాట! షాక్ పనికొచ్చేది గుండె లయ తప్పి గజగజ వణుకుతున్నప్పుడే. ఆ వణుకు ఒక్కసారిగా ఆగితే గుండె తన లయను తానే అందుకోవచ్చు. గీత చదునైతే ఆపడానికి అక్కడ వణుకే లేదు. ఛాతీ నొక్కుతూ, 3 నుంచి 5 నిమిషాలకోసారి ఒక మిల్లీగ్రాము అడ్రినలిన్ అనే మందు ఇస్తూ, గుండె ఎందుకు ఆగిందో వెతకాలి. నరం దొరకకపోతే మోకాలి కింది ఎముకలోకి చిన్న డ్రిల్లుతో సూది దింపుతాం. వినడానికి ఘోరమే గానీ, మూలుగలోంచి మందు ఇట్టే రక్తంలో కలుస్తుంది.

నాకు మాత్రం కాప్నోగ్రాఫ్ అంటే ఇష్టం. గొంతులోకి దింపిన శ్వాసగొట్టానికి తగిలిస్తే, బయటికొచ్చే కార్బన్ డయాక్సైడును కొలుస్తుంది. ఊపిరితిత్తులకు రక్తం ఎంత బాగా అందితే అది అంత ఎక్కువ వస్తుంది. నొక్కేవాడి చేతులు అలిసిపోతే అంకె దిగుతుంది. మనిషి మారగానే లేస్తుంది. ఒక రాత్రి 12 దగ్గర తచ్చాడుతున్న అంకె ఉన్నట్టుండి 40కి ఎగబాకింది. మెడ మీద వేళ్లు ఆనించాను. నాడి కొట్టుకుంటోంది.

అయినా ఈ సరంజామా గురించి గొప్పలు పోలేను. 2018లో బ్రిటన్‌లో సుమారు 8,000 మంది మీద జరిగిన పరిశోధనలో, నెల తర్వాత బతికున్నవారు అడ్రినలిన్ ఇచ్చినవారిలో 3.2 శాతం, ఇవ్వనివారిలో 2.4 శాతం. మెదడు బాగా పనిచేస్తూ ఇంటికి చేరినవారి సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా లేదు. రక్తం అందని మెదడు నిమిషాల్లోనే దెబ్బతింటుంది. మేము వచ్చేసరికే ఆ నిమిషాలు గడిచిపోతాయి.

అందుకే ముందు మీ చేతులు కావాలి. పిలిచినా పలకక, ఊపిరి మామూలుగా లేకపోతే ఫోను చేసి నొక్కడం మొదలుపెట్టండి. ఎగశ్వాసను చూసి ఊపిరి ఆడుతోందని మోసపోకండి. పెద్దవాళ్లకైతే ఛాతీ నడుమ 5 సెంటీమీటర్లకు తగ్గకుండా, 6 దాటకుండా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. పక్కటెముక విరిగితే విరగనివ్వండి, అతుక్కుంటుంది.

ఆ రాత్రి మేము తలుపు తోసుకుని వెళ్లేసరికి పద్నాలుగేళ్ల పిల్లవాడు తండ్రి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, చెమటతో తడిసి ముద్దయి నొక్కుతున్నాడు. "మేము వచ్చాం, ఇక లే బాబూ" అన్నాను. తలెత్తకుండానే, "ఉండండి, లెక్క తప్పుతుంది" అన్నాడు.

మీ తాతయ్య