సోఫియాలో దిగొచ్చిన ఎర్ర సైనికుడు

బల్గేరియా రాజధాని సోఫియా నడిబొడ్డున, యూనివర్సిటీకి కూతవేటు దూరంలో సోవియట్ సైన్యానికి 37 మీటర్ల స్మారకం ఉండేది. శిఖరాన తుపాకీ పైకెత్తిన సైనికుడు, పక్కనే బిడ్డతో ఒక తల్లి, ఒక కార్మికుడు. 1954లో కట్టారు. 2023 డిసెంబర్‌లో ఆ బొమ్మల్ని ముక్కలుగా కోసి క్రేన్లతో దించారు. తొలగించాలని నగర మండలి తీర్మానించింది మాత్రం 1993లో! ముప్పై ఏళ్లు ఎందుకు పట్టింది?

పేచీ అంతా పీఠం మీద చెక్కిన ఒక్క మాటతోనే. ‘విముక్తి ప్రసాదించిన సోవియట్ సైన్యానికి, కృతజ్ఞతతో బల్గేరియా ప్రజలు’ అని దాని సారాంశం. విముక్తి ఎవరి నుంచి? రెండో ప్రపంచ యుద్ధంలో బల్గేరియా జర్మనీతో జట్టుకట్టింది, బ్రిటన్, అమెరికాలపై యుద్ధం ప్రకటించింది. సోవియట్ జోలికి మాత్రం పోలేదు. 1944 సెప్టెంబర్ 5న సోవియట్టే దానిపై యుద్ధం ప్రకటించింది. 8న సరిహద్దు దాటిన సైన్యాన్ని బల్గేరియా సైన్యం అడ్డుకోలేదు. 9న సోఫియాలో ప్రభుత్వం కూలింది. తర్వాత నాలుగు దశాబ్దాలకు పైగా కమ్యూనిస్టు పాలన. ఒకరికి విముక్తి, ఇంకొకరికి ఆక్రమణ.

ఇంతేనా అంటే కాదు. అదే దారిలో కాస్త ముందుకెళితే, పాత పార్లమెంటు ఎదుట గుర్రమెక్కిన రష్యా చక్రవర్తి రెండో అలెగ్జాండర్ కనిపిస్తాడు. 1877-78 యుద్ధంలో తుర్కుల ఏలుబడి నుంచి విడిపించినందుకు ఆయనకా గౌరవం. ఆ వీధి పేరే ‘విమోచక జార్’. రష్యా మీద ఇంత పాత అభిమానం ఉన్నచోట ఎర్ర సైనికుణ్ని దించడం అంత తేలికా! సోషలిస్టు పార్టీ అడ్డుపడేది, మాస్కో నిరసన తెలిపేది, ఫైలు పక్కకు వెళ్లేది.

ఈలోగా కుర్రకారు దాన్ని తమ పలకగా చేసుకుంది. 2011 జూన్‌లో ఒక రాత్రి, అజ్ఞాత చిత్రకారులు పీఠం దగ్గరి సైనికులకు రంగులేశారు. తెల్లారేసరికి ఒకరు సూపర్‌మ్యాన్, ఒకరు జోకర్, మరొకరు శాంటాక్లాజ్. సోవియట్ జెండా అమెరికా జెండా అయింది. కింద ‘కాలంతో పాటు’ అని రాత. ఏ తీర్మానమూ తేలేనంత పేరు సోఫియా స్మారకానికి ఆ రంగు డబ్బాలు తెచ్చాయి. కొద్ది రోజుల్లోనే కడిగేశారు. 2013 ఆగస్టులో గులాబీ రంగు పూశారు, 1968లో సోవియట్ నాయకత్వాన చెకోస్లోవేకియా రాజధాని ప్రేగ్‌పైకి వెళ్లిన సైన్యాల్లో బల్గేరియా కూడా ఉన్నందుకు క్షమాపణగా. 2014లో ఒక సైనికుడికి ఉక్రెయిన్ రంగులు అంటుకున్నాయి.

2022లో రష్యా ఉక్రెయిన్‌పై దండెత్తాక తూకం మారింది. 2023 మార్చిలో నగర మండలి మళ్లీ తీర్మానించింది. అయితే దించేటప్పుడు అధికారులు ముందుకు తెచ్చింది చరిత్రను కాదు, విగ్రహాలకు పగుళ్లొచ్చాయన్న కారణాన్ని. బొమ్మలు వెళ్లిపోయాక కూడా పీఠం అక్కడే మిగిలింది.